షరతులకూ అదే సైజు

"ఉండాలి, కానీ కనబడకూడదు. అర్థమైందా?" అన్నాడు ఓనరు.

అర్థం కాకపోయినా బాగుండేది అనుకుంది అక్షరాలమ్మాయి. ఇళ్ళు మారేవాళ్ళ సామాను లారీల్లో చేరవేసే ఆ కంపెనీకి కొత్త వెబ్‌సైటు తయారుచేయడం ఆమె పని. చేరిన నాటినుంచీ ఫాంట్ల గోల తప్ప మరో మాట లేదని డ్రైవర్లు ఆమెకు ఆ పేరు పెట్టారు. ఏ ఫాంటు కాస్త నచ్చినా ఫోను పట్టుకుని లారీల దగ్గరికి పరిగెత్తేది. ఎండలో చెమట తుడుచుకుంటున్న డ్రైవరు చేతిలో పెట్టి, "ఇది చదువన్నా" అనేది. ఆయన ఒక్కచోట తడబడ్డాడా, ఆ ఫాంటుకు అక్కడితో నూకలు చెల్లినట్టే. అలా వడగట్టగా వడగట్టగా ఒకటి మిగిలింది. అక్షరం గుండ్రంగా, నిబ్బరంగా ఉంటుంది. పై వరుస వత్తులు దిగొచ్చి కింది వరుస గుడులను గుద్దుకోవు.

ఓనరుకూ అది నచ్చింది. "ధరలకీ ఆఫర్లకీ ఇదే ఉంచు, బ్రహ్మాండంగా ఉంది. షరతుల దగ్గర మాత్రం సన్నటిది చూడు. చిన్న సైజు, లేత బూడిద రంగు."

"చదవలేరండీ."

"చదవక్కర్లేదమ్మా. పెట్టామని మనం చెప్పుకోవడానికుంటే చాలు."

ఆ షరతుల్లో అసలైనది ఒకటే. దారిలో ఏది పగిలినా కంపెనీకి బాధ్యత లేదు.

ఆమెకు పిన్ని గుర్తొచ్చింది. తనను పెంచి పెద్దచేసింది పిన్నే, అదీ కుట్టుమిషను మీద సంపాదించి. కిందటిసారి ఇల్లు మారినప్పుడు వేరే కంపెనీవాళ్ళు ఆ మిషను చక్రం విరగ్గొట్టారు. అడగబోతే అక్కడి మేనేజరు ఫోనులో షరతులు తెరిచి చూపించాడు. పిన్ని ఫోను దగ్గరికి తెచ్చుకుంది, దూరంగా పెట్టింది, కళ్ళు చిట్లించింది. చివరికి, "చదువు రాక కాదు బాబూ, కనబడక" అని ఆయనకే సంజాయిషీ చెప్పుకుంది. విరగ్గొట్టినవాడు దర్జాగా కూర్చుంటే పోగొట్టుకున్న మనిషి సంజాయిషీ చెప్పుకోవడమా! ఆ మాట తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"మాట వినకపోతే ఉద్యోగం ఊడుతుందేమో పిన్నీ," అంది ఆ సాయంత్రం ఇంట్లో.

"ఊడితే ఊడనీ. నీ చేత్తో ఆ లేత రంగు పెట్టి మాత్రం ఇంటికి రాకు," అంది పిన్ని, సూదిలో దారం ఎక్కిస్తూ.

మర్నాడు ఆఫీసంతా ఓనరు తల్లి కుర్చీ చుట్టూ చేరింది. కంపెనీ మొదటి లారీ నడిపింది ఆవిడే. అందుకే ఏ కొత్తదైనా ఆవిడ చదివి, ఆవిడ చేత్తోనే మొదలుపెట్టడం అక్కడి అలవాటు. తాను పైకి చదివి వినిపించనిదే ఆవిడ దేన్నీ ముట్టుకోదు.

"షరతులు నే చెప్పినట్టే పెట్టావుగా?" అన్నాడు ఓనరు గుసగుసగా.

"లేదండీ. అన్నిటికీ ఒకటే అక్షరం."

తల్లి ముందు కేకలేయడానికి లేదు. నవ్వుమొహం అలాగే ఉంచి, "తర్వాత నీ సంగతి చెప్తా," అని పళ్ళు నూరాడు.

పెద్దావిడ ఫోనులో కొత్త సైటు తెరిచి ధరలు చదివింది, ఆఫర్లు చదివింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఇక చాల్లే అమ్మా, సైటు మొదలయ్యే బటన్ నొక్కేయ్."

"ఉండరా, ఇంకా ఉంది." వేలితో పేజీ పైకి జరిపింది. "'దారిలో ఏది పగిలినా కంపెనీకి బాధ్యత లేదు.'" కళ్ళజోడు తీసి కొడుకు వంక చూసింది. "మరెవరిదిరా? రోడ్డు మీద గుంతలదా?"

డ్రైవర్లు ఫక్కున నవ్వారు.

"అందరూ పెట్టేదేనమ్మా! మామూలుగా దాన్నెవరూ చదవరు. ఈ అమ్మాయి అంత లావున పెట్టబట్టి గానీ!" ఆయన గిరుక్కున తిరిగాడు. "చిన్నది చెయ్. ఇప్పుడే."

అందరి చూపులూ ఆమె మీదే.

"చెయ్యనండీ. అది కనబడితే మీకు సిగ్గుగా ఉంటే ఆ మాటే మార్చుకోండి. సైజు మాత్రం మార్చను."

"ఉద్యోగం వద్దా నీకు?"

"కావాలండీ. జనం చదవకుండా రాసే ఉద్యోగమైతే వద్దు."

ఓనరు నోరు తెరిచేలోపే పెద్దావిడ బటన్ నొక్కేసింది. "నాకు శుభ్రంగా కనబడింది. ఊళ్ళోవాళ్ళకీ కనబడనీ. నువ్వు ఆ మాట మార్చుకునేదాకా దాని సైజు మీద చెయ్యి పడితే ఊరుకోను," అని కర్ర అందుకుని లేచింది.

భోజనాల వేళకే ఫోన్లు మొదలయ్యాయి. బీరువా అద్దం పగిలితే మేమే భరించాలా? మా పియానోకు దిక్కెవరు? మీకు సామాను ఇవ్వడం కంటే నెత్తిన మోసుకుపోవడం నయం కదా! ఓనరు మొదట గట్టిగానే జవాబిచ్చాడు. పొద్దు వాలేసరికి ఆయన గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంది.

ఇక తన ఉద్యోగం పోయినట్టే అనుకుని ఆమె సంచి సర్దుకుంటుంటే ఆయనే బల్ల దగ్గరికొచ్చాడు. కిటికీలోంచి లారీల వంక ఓసారి చూశాడు.

"రాయి," అన్నాడు. "మా చేతుల్లో పగిలినదానికి బాధ్యత మాదే."

ఆమె సంచి కింద పెట్టి టైపు చేసింది. ఆయన వంగి చదువుకున్నాడు. మరోసారి చదువుకున్నాడు. మొహం విప్పారింది.

"అబ్బో, బాగుందే! దీన్ని తీసి అన్నిటికంటే పైన పెట్టు. ఇంతింత లావు అక్షరాలతో, ఎర్రరంగులో..."

"కుదరదండీ," అంది అక్షరాలమ్మాయి. "అన్నిటికీ ఒకటే సైజు."