మూఁడవ చరణము

గోదావరీసైకతములు పెనములవలెఁ గ్రాఁగుచుండఁగా వంతెనపైఁ బోవు ధూమశకటముల కూఁతలు సయితము వడగాలికి వాడి సన్నగిల్లినట్లు వినఁబడు వైశాఖమధ్యాహ్నమున రాజమహేంద్రవరమునందు విశ్రాంత రైలుగార్డగు మార్కండేయులు తన భార్య హైమవతి మక్కువతో వినుచుండిన పాట రికార్డును దుమ్ము పోవునట్లు కడిగి యాఱుటకై మేడమీఁద నెండలోఁ బెట్టెను. హైమవతి గడచిన కార్తికమునఁ గాలధర్మము నొందినది. ఒడియములవలె నెండఁబెట్టఁదగిన వస్తువు కాదని యాతఁ డెఱుఁగఁడు. కొంతసేపటికి వచ్చి చూచునప్పటికి ఆ నల్లని పలక నూనెలో వేఁగిన యప్పడమువలె నంచులు లేచి వంకరలు తిరిగియుండెను. గ్రామఫోను ముల్లు దానిపై నిలువలేదు. భార్య మరణించిన దినమునఁ గంట నీరు పెట్టని యాతఁ డా రికార్డు నొడిలోఁ బెట్టుకొని యెండలోనే కూర్చుండి యేడ్చెను.

ఆ రికార్డు కొన్ననాఁటినుండియు లోపము కలదియే. రెండవ చరణము ముగియుచోట నొక గీఁతయుండుటచే ముల్లు తడఁబడి యొకే మాటను మూఁడుమాఱులు పలికి యొక్క గంతున మూఁడవ చరణమును దాఁటి కడపటి పల్లవిలోఁ బడుచుండెను. భర్త గూడ్సుబండ్ల వెంట నూరూరు తిరుగుచుండఁగా నింట నొంటరిగా నుండు హైమవతి దానిని వినివిని యా పాటను లోపముతోఁగూడనే నేర్చుకొనెను. పచ్చడి నూఱుచుఁ బాడునప్పుడును ఆమె యా మాటను మూఁడుమాఱు లని యూపిరి పీల్చి చరణమును దాఁటి గంతు వేయుచుండెను. ఆమె గతించిన పిమ్మట ముల్లు తడఁబడిన ప్రతిమాఱును మార్కండేయులకు వంటయింటినుండి యామె గొంతు వినవచ్చెడిది. ఎండ హరించినది రికార్డును గాదు, ఆ గొంతును.

కావున మఱునాఁడే యాతఁడు పాత రికార్డు లమ్ము ఖుద్దూసుసాయిబు దుకాణమునకుఁ బోయెను. ఇరుకు సందులో నున్న యా దుకాణమున నొక కట్టుబాటు గలదు. కొనఁగోరువాఁడు బల్లపైఁ గూర్చుండి రికార్డును తుదివఱకు వినినఁగాని సాయిబు దాని నమ్మఁడు. ఒకరు వినుచుండఁగాఁ దక్కినవారును వినుచు వేచియుండవలసినదే. వినువారు తడఁబాటు పట్టి వలదన్నవి యన్నియు బల్లక్రింది మామిడిపండ్ల గంపలోఁ జేరును.

"సాయిబుగారూ! నాకుఁ గావలసినది గంపలోని సరకు. ఈ పాట రికార్డు తడఁబడునది యున్న నిప్పింపుఁడు," అని మార్కండేయులు పాట పేరు చెప్పెను.

"ఏమి గార్డుగారూ! పండ్లయంగడికి వచ్చి పురుగుపట్టినది యేఱి పెట్టుమను బేరము నేఁడే చూచితిని!" అని సాయిబు నవ్వెను.

"ఇన్నేండ్లు రైళ్లలోఁ దిరిగినవారు గదా! పట్టాలు తప్పనిదే వారికిఁ దోఁచదు కాఁబోలు," అని వేచియున్న బట్టతల పెద్దమనిషి యొకఁడు చమత్కరించెను.

మార్కండేయులు గంపముందు గొంతుకూర్చుండెను. ఆ పాట రికార్డులు గంపలోఁ గలవు గాని యొకటి పల్లవిలోఁ గుంటును. వేఱొకటి తుది దాఁక బుసకొట్టును. హైమవతి తడఁబడినచోటఁ దడఁబడునది యొక్కటియు లేదు. ఐనను వేసవి ముగియువఱకు నాతఁడు వచ్చుచునే యుండెను. తొలకరి చినుకులు పడిన నాఁటి యుదయమున సాయిబు గీఁతలేని రికార్డు నొకదానిని జూపి నవ్వు మాని యడిగెను.

"దీనిని మించినది మీకు దొరకదు. నిజము చెప్పుఁడు గార్డుగారూ, తడఁబాటుతో మీ కేమి పని?"

మార్కండేయులు తలవంచుకొని చెప్పెను. సాయిబు సొరుగునుండి గుండుసూది తీసెను. "ఎచ్చట గీయవలయునో వ్రేలు చూపుఁడు. మూఁడుమాఱులు పలికి గంతు వేయునట్లు నేను జేసి యిత్తును. అమ్మగారు పాడినట్లే పాడును."

రికార్డు తిరుగుచుండెను. రెండవ చరణము ముగిసినది. ఆ మాట యొక్కమాఱే పలికి పాట తొట్రుపడక ముందునకు సాఁగినది. సాయిబు ముల్లెత్తి సూదిని రికార్డుపైకి వంచెను. అంతట మార్కండేయులు దిగ్గున నాతని చేయి పట్టుకొనెను.

"వలదు సాయిబుగారూ! అవతల నేమున్నదో యామెయు వినలేదు. నేను డ్యూటీకి బయలుదేఱునప్పు డెల్ల 'ఏమండీ, ఊరూరు తిరుగుదురు గదా, ఎచ్చటనైన మంచి రికార్డు కనఁబడినచో ఆ మిగిలిన చరణము విని వచ్చి చెప్పరా?' యని యడుగుచుండెను. 'వచ్చు ట్రిప్పులోఁ జూతము లే' యని జెండాలు చంకఁబెట్టుకొని పోవుచుంటిని. గీయకుఁడు. ఆ చరణము వినిపింపుఁడు."

సాయిబు సూదిని సొరుగులో వేసి ముల్లు దింపెను. ఆ చరణమునందు గొప్ప విశేష మేమియు లేదు. ఏటి కవతలి గట్టున పడవ కట్టియున్నదనియు నందెక్కవలసినవారికై పడవవాఁడు దీపము తగ్గించి కూర్చున్నాఁడనియు నాలుగు చిన్న మాటలు. మార్కండేయులు కన్నులు మూసికొని విని మరల వేయుమనెను. మరల వేయఁగా మరల వేయుమనెను.

"అయ్యా, ఇంటికిఁ గొనిపోయి తీఱికగా వినరాదా? మా వంతు రావలదా?" అని బట్టతల పెద్దమనిషి విసుగుకొనెను.

"ఇల్లు చేరునప్పటికి నాకు నోటికి వచ్చియుండవలయును బాబూ! లేనిచో నేమని చెప్పుదును?" అని మార్కండేయులు కన్నులు తెఱవకయే బదులు చెప్పెను.

ఆ పెద్దమనిషి సాయిబు మొగము చూచెను. సాయిబు తల యడ్డముగాఁ ద్రిప్పెను. పిమ్మట ముల్లును మరల నా చరణము మొదటఁ బెట్టెను.

నోటికి వచ్చిన పిదప నాతఁడు రికార్డును వానఁ దడియకుండ నుత్తరీయమునఁ జుట్టుకొని మఱచిపోదునను భయముచే దారినెవరిని పలుకరింపక పెదవులు కదలించుచు వడివడిగా నడచెను. ఇల్లు చేరి తాళము తానే తీసి చెప్పులైన విడువక లోపలి కడుగిడి "హైమా! వింటివా?" యని పిలిచెను.

చరణ మాతనికిఁ గంఠస్థమైనది. ఆమెకుఁ జెప్పుట మాత్ర మింకను గాలేదు.