కుళాయి నుంచి గ్లాసులోకి

నేను ఒక జర్మన్-ఇంగ్లీషు నిఘంటువును. పన్నెండు వందల పేజీలు, ముదురాకుపచ్చ అట్ట, వీపు మీద సగం రాలిపోయిన బంగారు అక్షరాలు. మాటలు అమ్ముకునేవాళ్ల మధ్య బతికినదాన్ని కనుక నాకు నమ్మకం తక్కువ. ఎవరైనా నన్ను మరీ ప్రేమగా తెరిస్తే, ముందు వాళ్ల చూపుడువేలు ఎటు పోతోందో గమనిస్తాను. ఊరక రారు మహానుభావులు.

జర్మనీలో ఒక చిన్న ఊరి అచ్చాఫీసులో పుట్టాను. నా ప్రూఫులు దిద్దిన ముసలాయన కామాను కూడా కళ్లద్దాలు తుడుచుకుని మరీ అనుమానించేవాడు. నా బుద్ధి అక్కడిదే అయి ఉంటుంది. తర్వాత ఒక ఇంజనీరు పెట్టెలో హైదరాబాదు చేరాను. యంత్రం ఎందుకు ఆలస్యమైందో మర్యాదైన ఇంగ్లీషులో సాకులు రాయడానికి ఆయన నన్ను ఎనిమిదేళ్లు వాడుకున్నాడు. స్వదేశానికి వెళ్లేటప్పుడు కాఫీ కప్పులు తీసుకెళ్లి నన్ను వదిలేశాడు. చేతులు మారి మారి ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, ఆదివారం పాత పుస్తకాల గుట్టలో తేలాను.

కాత్యాయని నన్ను అక్కడే చూసింది. ఒక మాట వెతికి, మొదటి అర్థం దగ్గర ఆగకుండా చివరి అర్థం దాకా నిలబడి చదివింది. ఎండ మండుతోంది, వెనక జనం తోసుకుంటున్నారు, అయినా కదల్లేదు. సరే, ఈవిడతో పోవచ్చు అనుకున్నాను.

హిమాయత్‌నగర్‌లో, రెండో అంతస్తులో ఒక అనువాదాల ఆఫీసు. జర్మన్ కంపెనీల ప్రకటనలను మన దేశంలో అమ్మకానికి పనికొచ్చే ఇంగ్లీషులోకి తేవడం ఆవిడ ఉద్యోగం. అదేం తేలికైన పని కాదు. జర్మన్ ప్రకటన రాసేవాడు గరిటె అమ్మాలన్నా ముందు ఆ లోహం పుట్టుపూర్వోత్తరాలు చెబుతాడు. మూడు మాటలు అతికించి ఒకే మాట చేస్తాడు. దాన్ని మాటకు మాట దించితే పోలీసు పంచనామాలా ఉంటుంది. మరీ ముద్దుగా దించితే, కొన్నవాడు రేపు కోర్టుకెక్కుతాడు. కాత్యాయని ఈ రెండింటి మధ్యా దారి వెతికేది. పెదవి కొరుకుతూ నా పేజీలు తిప్పేది.

ఆవిడకు ఒక అలవాటు ఉంది. వాక్యం కుదిరాక, ఆఫీసులో టీ కాచే బాలమణికి దాన్ని తెలుగులో చెప్పేది. బాలమణికి జర్మన్ రాదు, ఇంగ్లీషు రాదు. కానీ ఆమె "గట్లైతె నేను గూడ కొంట" అందంటే వాక్యం నెగ్గినట్టే. "గాడు ఏదో దాస్తుండు మేడం" అంటే మళ్లీ మొదటికి. నాకన్నా అనుమానపు మనిషి ఈ ఊళ్లో ఆమె ఒక్కతే.

ఒకసారి నీళ్ల ఫిల్టరు కరపత్రం వచ్చింది. గాజు జగ్గు, అందులో ఫిల్టరు. టీ రుచి బాగుంటుందని, నీళ్లలో సున్నం తగ్గుతుందని ఆ జర్మన్ చెబుతోంది. దాని ముఖ్యవాక్యం మీద కాత్యాయని రెండు రోజులు కూర్చుంది. చివరికి కుదిరిన ఇంగ్లీషుకు తెలుగు ఇది: 'మీ కుళాయి నుంచి నేరుగా మీ గ్లాసులోకి.' తేలిగ్గా, పాటలా ఉంది. నేను కూడా మురిశాను, అబద్ధమెందుకు? ఆ వారం బాలమణి రాలేదు. మనవరాలికి కామెర్లట. చెప్పి చూడడానికి ఎవరూ లేక, వాక్యం అలాగే వెళ్లిపోయింది.

ఈ వృత్తిలో ఒక పరీక్ష ఉంటుంది. ఇంగ్లీషులోకి వెళ్లినదాన్ని, అసలు ప్రతి చూడని మరో మనిషి చేత తిరిగి జర్మన్‌లోకి రాయిస్తారు. రెండు జర్మన్లూ కలిస్తే పని బాగున్నట్టు. కాత్యాయని వాక్యం వెంట్రుకవాసి తేడా లేకుండా తిరిగొచ్చింది. కంపెనీ మెచ్చుకుంది. ఏడాది పొడవునా పని ఇస్తామంది. ఇక 'ఏమీ కలపలేదు, ఏమీ తీయలేదు' అన్న పత్రం మీద ఆవిడ సంతకమే మిగిలింది.

సోమవారం బాలమణి వచ్చింది. కాత్యాయని సంబరంగా వాక్యం చెప్పింది. బాలమణి టీ గ్లాసు బల్ల మీద పెట్టి ఆలోచించింది.

"గట్లైతె ఇగ నీళ్లు కాగవెట్టే పని లేదన్నట్టే గద మేడం? మా నల్లాల బోరు నీళ్లే వస్తయి. డాక్టరు కాగవెట్టి తాపమన్నడు. ఇది కొంటె నల్లా తిప్పి పొల్లకు సీద తాపొచ్చు."

కాత్యాయని వెంటనే కంప్యూటరు వైపు తిరిగింది. కంపెనీ వెబ్‌సైటులో ఆ జగ్గు వాడకం పుస్తకం వెతికింది. ఇరవై ఆరో పేజీలో ఉంది: తాగడానికి పనికొచ్చే నీళ్లు మాత్రమే పోయాలి. కరపత్రంలో ఆ మాట లేదు. ఎందుకుంటుంది? వాళ్ల ఊళ్లో కుళాయి నీళ్లు ఎవరైనా తాగుతారు. అక్కడ చెప్పనక్కర్లేని సంగతి ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. 'కుళాయి నీరు' అన్న జర్మన్ మాటకు పక్కన ఇంగ్లీషు మాట పెట్టి ఊరుకున్న నా మీద నాకే అసహ్యం వేసింది.

ముఖ్యవాక్యం కిందే ఆవిడ ఒక వాక్యం కలిపి పంపింది: 'తాగదగిన నీటికి మాత్రమే.' మళ్లీ పరీక్ష జరిగింది. ఈసారి ఎర్రగీత పడింది. అసలులో లేని వాక్యం, తొలగించండి!

ఆఫీసు పెద్ద ఫణీంద్ర ఆవిడ బల్ల దగ్గరికొచ్చాడు. "మన పని అనువాదమండీ, ఆరోగ్య శాఖ కాదు. ఆ ఒక్క లైను తీసేసి సంతకం పెట్టేయండి, ఏడాది పని చేతిలో ఉంటుంది."

"తీసేస్తే సంతకం పెట్టలేనండీ."

"ఎందుకు? మీ ఇంగ్లీషులో తప్పేం లేదుగా?"

"లేదు. అందుకే భయంగా ఉంది."

పని వేరే ఆఫీసుకు పోయింది. ఫణీంద్ర నెల రోజులు ఆవిడతో ముభావంగా ఉన్నాడు. నేను మాత్రం గర్వపడ్డాను. కానీ నా అనుమానం ఊరికే పోలేదు. రెండు నెలలకు బాలమణి తమ కాలనీలో పంచిన కరపత్రం ఒకటి పట్టుకొచ్చింది. నిగనిగలాడే కాగితం, గాజు జగ్గు, పైన పెద్ద అక్షరాల్లో కాత్యాయని వాక్యం. ఎవరో సంతకం పెట్టారు. కింద రెండో వాక్యం లేదు.

కాత్యాయని దాన్ని చేతిలోకి తీసుకుని చదివింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అంత అందంగా రాసింది తనే కదా.

"ఏడుస్తరెందుకు మేడం?" అంది బాలమణి. "జగ్గు బొమ్మ చూసి పోల్చిన, గిది మీరు చెప్పిందే అని. మా గల్లీల ఇంటింటికి వోయి చెప్పిన. చాయ్ మంచిగయితదేమో గని, నీళ్లు మాత్రం కాగవెట్టుకోవాల్నని."

నా పన్నెండు వందల పేజీలతో నేను చేయలేని పని అది.

ఇప్పుడు అందరూ కంప్యూటర్లో వెతుకుతున్నారు. నేను కిటికీ రెక్క కొట్టుకోకుండా ఆనించిన బరువుని. బాలమణి కరపత్రం తెచ్చిన రోజు మాత్రం కాత్యాయని నన్ను తెరిచి, 'కుళాయి నీరు' అన్న జర్మన్ మాట పక్కన పెన్సిలుతో తెలుగులో ఒక ప్రశ్న రాసింది. నాలో అచ్చయిన అర్థాలన్నింటినీ నేను అనుమానిస్తాను. ఆ పెన్సిలు రాతను మాత్రం నమ్ముతాను.

'ఎవరింటి నల్లా?'