పేరు తీసేసిన రాగం

"పట్టుసీర కట్టుకోమంటే నీకేటి నొప్పమ్మా?" అన్నాడు మా ఆయన ధర్మేంద్ర, వాళ్ళమ్మతో.

"పెళ్ళికెల్తన్నామేట్రా? ఈ నూలుసీర సాలు. పట్టుదైతే సెమటకి ఒళ్ళు మండిపోతాది."

"అక్కడ నలుగురూ నిన్ను సూస్తారు."

"నన్నేటి సూస్తారు, నీ లైట్లు సూస్తారు గానీ."

చివరికి అత్తగారు నూలుచీరతోనే ఆటో ఎక్కారు. నెల్లిమర్ల నుంచి ముగ్గురం విజయనగరం వెళ్ళాం.

పార్కులో ఏదో ఉత్సవం. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక కళాకారిణి అక్కడ నేల మీద గాజు పలకలు పరిపించింది. పలక మీద అడుగు పడితే కింద లైటు వెలుగుతుంది, చుట్టూ ఉన్న స్తంభాల్లోంచి ఒక గొంతు వినబడుతుంది. ఎంతమంది తొక్కితే అంత వెలుగు, అంత శబ్దం. పెళ్ళిళ్ళకి లైట్లూ మైకులూ కట్టే మా ఆయనకే వైరింగు పని ఇచ్చారు. "లోపల ఎవరి గొంతున్నాదో వచ్చి సూడు" అని వారం నుంచి తల్లిని ఊరిస్తున్నాడు.

కాలేజీ పిల్లలు పలకల మీద గెంతుతూ రీల్స్ తీసుకుంటున్నారు. గొంతు ముక్కలు ముక్కలుగా వస్తోంది. వెనకనుంచి జనం తోస్తే అత్తగారు ఒక పలక మీదికి వెళ్ళిపడ్డారు. అప్పుడు తెలిసింది. అది ఆవిడ గొంతే. నిరుడు మా ఆడపడుచు దుర్గాభవాని కామెర్లతో పోయినప్పుడు శవం పక్కన ఏడుస్తూ తీసిన రాగం. ఆ రోజు ఎవరో ఫోన్లో పట్టిన వీడియోని మా ఆయనే ఆ కళాకారిణికి ఇచ్చాడట.

మా వైపు పోయిన మనిషిని పేరుపెట్టి పిలుస్తూ, ఏం తినేదో, ఏ రంగు కట్టేదో, ఎవరి చేత మాట పడిందో చెప్పుకుంటూ ఏడుస్తారు. సంవత్సరీకం నాడు, పోయినవాళ్ళకి ఇష్టమైనవి వడ్డించిన విస్తరి ముందు కూర్చుని మళ్ళీ ఏడుస్తారు. దాన్ని పాట అని ఎవరూ అనరు.

అత్తగారు కాళ్ళ కింద గులాబీ రంగు వెలుగును చూస్తూ నిలబడ్డారు.

"ఒరే, ఇందులో నా బిడ్డ పేరేదిరా?"

"పేరూ మాటలూ తీసీసినామమ్మా. ఉంటే జనానికి బాదగా ఉంటాది. ఇప్పుడు వట్టి రాగమే. బాగున్నాది కదా?"

ఆవిడ పలక దిగారు. ఆ పలక గొంతు ఆగింది. సెల్ఫీ కోసం ఒక జంట ఆ పలక ఎక్కగానే మళ్ళీ మొదలైంది.

ఇంటికొచ్చి భోజనాలకి కూర్చున్నాక ఆయనే మాట కదిపాడు. "ఆ మేడం శ్రీకాకుళంలో కూడా పెడతాదట. వచ్చే నెల అక్క సంవత్సరీకానికి మంచి మైకు తెచ్చుకుని వస్తానన్నాది. నీ రాగం మొత్తం తీసుకుంటాదట. నేను సరేనన్నాను."

నేను వడ్డించడం ఆపేశాను. అత్తగారు మాత్రం అన్నం కలుపుతూనే ఉన్నారు.

"రమ్మను. నా బిడ్డకిష్టమైనవన్నీ వండండి, విస్తరెయ్యండి. నేను ఏడవను. ఆ రోజే కాదు, ఈ ఇంట్లో ఇంకెప్పుడూ, ఎవరికీ రాగం తియ్యను."

"అదేటమ్మా! తల్లి ఏడవకపోతే ఊళ్ళో ఏటనుకుంటారు?"

"బిడ్డని మర్సిపోయిందనుకుంటారు. అనుకోనీ."