ముందు ఎవరి పేరు

"మీ తమ్ముడుగారా మేడం?" అని అడిగింది బ్యాంకులో ఆ పిల్ల. అడిగి నవ్వింది కూడా.

తమ్ముడు కాదు, మొగుడు. నా పక్క కుర్చీలోనే ఉన్నాడు సాయిరాఘవ. తనే చెబుతాడని ఒక్క క్షణం చూశాను. ఫైల్లో ఏదో కాగితం వెతుకుతున్నట్టు తల దించుకున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మా వారమ్మా," అన్నాను. ఊరుకోలేక, "ఏవండీ, ఆ శాలరీ స్లిప్పులు ఇటివ్వండి," అని కూడా అన్నాను. ఇంట్లో నేను రాఘవని నువ్వు అంటాను, తను నన్ను మీరు అంటాడు. ఆ 'ఏవండీ' పూర్తిగా ఆ పిల్ల కోసం. రాఘవ నవ్వు ఆపుకుంటూ స్లిప్పులు అందించాడు.

నేను నూజివీడు హైస్కూల్లో లెక్కల టీచర్ని. పేరు జ్ఞానప్రసూనాంబ. రాఘవకి రెడ్డిగూడెం దారిలో మామిడి అంటుమొక్కల నర్సరీ ఉంది. ఆరేళ్ళ కిందట మా స్కూల్లో మొక్కలు నాటడానికి వచ్చాడు. రెండు రోజుల పనిని రెండు నెలలు చేశాడు. ఆ తర్వాత గుళ్ళో దండలు మార్చుకున్నాం. నాకు నలభై ఆరు, తనకి ముప్ఫై ఐదు. పదకొండేళ్ళ తేడా అని ఊళ్ళో అందరికీ తెలుసు, అందరూ చెప్పుకుని అలిసిపోయారు కూడా.

వాళ్ళకి తెలియని సంగతి ఒకటుంది. మా నాన్న ఉమాపతిగారు హెడ్మాస్టరు. నాకు ఎనిమిదేళ్ళు వచ్చేదాకా ఇంట్లోనే చదువు చెప్పి, అప్పుడు అయిదేళ్ళని రాసి, పుట్టినరోజు జూన్ ఒకటని వేసి ఒకటో తరగతిలో కూర్చోబెట్టారు. రేపు గవర్నమెంటు ఉద్యోగం వస్తే మూడేళ్ళు ఎక్కువ సర్వీసు ఉంటుందని ఆయన లెక్క. వయసుకి మించిన పొడవని అయ్యవార్లు తెగ మురిసిపోయేవారట. నిజానికి నాకు నలభై తొమ్మిది. అమ్మ పోయాక ఆ సంగతి నా ఒక్కదానికే తెలుసు. పెళ్ళికి ముందు చెబితే రాఘవ పారిపోతాడేమోనని చెప్పలేదు. పెళ్ళయ్యాక ఇన్నాళ్ళూ ఎందుకు దాచారంటాడని చెప్పలేదు. ఏటా జూన్ ఒకటిన తను కేకు తెస్తాడు, నేను కోస్తాను.

ఇప్పుడు బైపాస్ దగ్గర ఒక ఇల్లు చూశాం. రెండు గదులు, వెనకాల మొక్కలు పెట్టుకునేంత జాగా. ఇరవై ఏళ్ళుగా ఇంటి ఓనర్ల మాటలు పడ్డాను. గుమ్మం మీద నా పేరుండాలని, కాగితాల్లో ముందు నా పేరే ఉండాలని నా కోరిక.

ఆ కోరిక మీదే ఆ పిల్ల నీళ్ళు చల్లింది. దాని పేరు కీర్తిప్రియ. ఇరవై ఆరో ఏడో ఉంటాయి. మెడలో బ్యాంకు కార్డు, ముఖం నిండా నవ్వు.

"మేడం, మీ పేరు ముందుంటే మీ రిటైర్‌మెంట్ లోపు లోన్ తీరిపోవాలి. పదహారేళ్ళే వస్తుంది, ఈఎంఐ బాగా బరువవుతుంది. సర్ పేరు ముందు పెడితే ఇరవై ఐదేళ్ళు ఇవ్వొచ్చు. సర్ యంగ్ కదా!"

'సర్ యంగ్ కదా' అన్నప్పుడు దాని కళ్ళు రాఘవ వైపే ఉన్నాయి. రాఘవ సిగ్గుపడ్డాడు. ఆరేళ్ళలో నా మాటకి అలా సిగ్గుపడగా చూడలేదు.

ఆలోచించుకుని చెబుతామని లేచాను. దారంతా నా బుర్రలో ఒకటే లెక్క. ఇరవై ఐదేళ్ళకి నాకు డెబ్భై నాలుగు. ఉంటానో లేదో. రాఘవ ఉంటాడు. ఆ ఇంట్లో ఒక్కడే ఎందుకుంటాడు? నా వంటింట్లో, నేను ఏరి కొన్న డబ్బాల మధ్య ఎవతో నిలబడి తనకి కాఫీ కలుపుతుంది. మొదట ఆ మనిషికి ముఖం లేదు. ఇంటికి చేరేసరికి కీర్తిప్రియ ముఖం వచ్చేసింది. పుట్టని సవతి మీద కుళ్ళుకుంటున్నానని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన మంట తగ్గలేదు.

ఆ పది రోజులూ రాఘవ ఫోన్ మోగితే చాలు, నా చెవులు అటే. "బ్యాంకు నించండీ," అనేవాడు. "ఏంటంట?" అంటే, "ఏదో పేపరంట," అని పెరట్లోకి వెళ్ళిపోయేవాడు. ఆ పేపరేదో నా ముందు మాట్లాడకూడదా అని అడగాలనిపించేది. అడిగితే చులకనైపోతానని నోరు మూసుకున్నాను.

సోమవారం పొద్దున తను స్నానానికి వెళ్ళాడు. ఫోన్ బల్ల మీద ఉంది. వెలిగింది. నేను ముట్టుకోలేదు, వంగి చూశానంతే.

'మేడంకి చెప్పనులెండి సర్.' పక్కన పళ్ళికిలించే బొమ్మ ఒకటి.

పైన పేరు కీర్తిప్రియది. రాఘవ తల తుడుచుకుంటూ వచ్చి, "టీచర్‌గారూ, ఇవాళ హనుమాన్ జంక్షన్‌లో మామిడి అంట్లు దింపాలి. మధ్యాహ్నం అన్నానికి రానండీ," అన్నాడు. "సరే," అన్నాను.

వేసవి సెలవులు, నాకు స్కూలు లేదు. తను వెళ్ళిన అరగంటకి ఆటో ఎక్కాను. మామిడికాయల లారీలు రోడ్డంతా ఆక్రమించాయి. ఆటో బ్యాంకు సందులోకి తిరగ్గానే రాఘవ వ్యాన్ కనబడింది. వెనకాల అంట్లు అలాగే ఉన్నాయి, జంక్షన్‌కి పోలేదు.

లోపల కీర్తిప్రియ బల్ల ముందు కూర్చున్నాడు. ఇద్దరి తలలూ ఒకే కాగితం మీద ఉన్నాయి. ఆ పిల్ల ఏదో అంటోంది, ఇతను నవ్వుతున్నాడు.

"జంక్షన్ ఇక్కడికొచ్చేసిందా?" అన్నాను.

రాఘవ లేచి నిలబడ్డాడు. "మీరేంటండీ ఇక్కడ?"

"నాకు చెప్పకూడనిదేంటో కనుక్కుందామని వచ్చాను." లైన్లో ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. నాకు లెక్కలేదు. "ఏమ్మా, ఆయన యంగ్, నేను ముసలిదాన్ని, అంతేగా నీ బాధ? అయితే పూర్తిగా రాసుకో. నాకు నలభై ఆరు కాదు, నలభై తొమ్మిది. మా నాన్న తగ్గించి వేయించారు. ఇప్పుడివ్వు లోన్ ఎలా ఇస్తావో. నాకీ ఇల్లూ వద్దు, ఏమీ వద్దు!"

అన్న మరుక్షణమే నాలిక్కరుచుకున్నాను. ఆరేళ్ళు కడుపులో దాచుకున్న మాట బ్యాంకు మధ్యలో పడేశాను.

కీర్తిప్రియ మాత్రం కంగారుపడలేదు. "మేడం, మాకు టెన్త్ సర్టిఫికెట్టే లెక్కండీ. మా నాన్నగారు కూడా జూన్ ఒకటే. మా కస్టమర్లలో సగం మంది ఆ రోజే పుట్టారు. మీరు కూర్చోండి," అంది.

బ్యాంకుకి నా మూడేళ్ళూ అక్కర్లేదు. అక్కరున్న మనిషి నన్నే చూస్తూ నిలబడ్డాడు.

"మూడేళ్ళా?" అన్నాడు రాఘవ.

"మా నాన్న చేసిన పని."

"నాకు చెప్పింది మీ నాన్నగారు కాదు కదండీ."

కూర్చున్నాను. తనూ కూర్చున్నాడు. బల్ల మీది తన పాన్ కార్డు నా ముందుకి జరిపాడు. ఆరేళ్ళలో ఆ కార్డు ఎన్నడూ నా చేతికి రాలేదు. తన కాగితాలన్నీ నర్సరీలో రేకు పెట్టెలో ఉంటాయి. పుట్టిన సంవత్సరం చూశాను. ఇంకోసారి చూశాను.

"నీకు ముప్ఫై మూడా!"

"అప్పట్లో మీరేమన్నారు? ముప్ఫై నిండనివాణ్ణి చేసుకుంటే స్కూల్లో పిల్లలు నవ్వుతారన్నారు. నాకేమో ఇరవై ఏడు. రెండు కలిపి, జూలైకి ముప్ఫై నిండుతాయన్నాను. ఈ అమ్మాయి కార్డు చూసి అడిగింది, మీరు ముప్ఫై ఐదన్నారు కదా అని. మీతో అనొద్దని బతిమాలుకున్నాను. అంతకంటే ఏం లేదండీ."

మా ఇద్దరికీ పదహారేళ్ళ తేడా. లెక్కల టీచర్ని, వేళ్ళు అక్కర్లేదు.

తన రెండేళ్ళ అబద్ధం నాకు నొప్పి పెట్టలేదు. నా మూడేళ్ళ ముందు అదెంత? పైగా వదిలి పోవాలనుకునేవాడు వయసు తగ్గించుకుంటాడు గాని పెంచుకోడు. నొప్పి పెట్టింది వేరే. మా ఆయన అసలు వయసు నాకంటే పది రోజుల ముందు ఇంకో ఆడపిల్లకి తెలిసింది. ఆ పది రోజులూ వాళ్ళిద్దరికీ ఒక రహస్యం ఉంది, నాకు లేదు.

బల్ల మీద ఫారం ఉంది. కీర్తిప్రియ గుండ్రటి అక్షరాలతో అంతా నిండిపోయి ఉంది. రాఘవ పుట్టినరోజు కూడా దాని రాతలోనే ఉంది.

"కొత్త ఫారం ఇవ్వమ్మా," అన్నాను.

"మేడం, ఇందులో మీ సంతకాలే తరువాయి. మళ్ళీ పద్దెనిమిది పేజీలు..."

"ఇవ్వు. నేను రాస్తాను."

ఇచ్చింది. పెన్ను తీశాను. మొదటి గడి దగ్గర నా చెయ్యి కాస్త ఆగింది. ఆగి, 'సాయిరాఘవ' అని రాశాను. రెండో గడిలో నా పేరు రాసుకున్నాను.

"పుట్టినరోజు చెప్పు."

"జూలై పద్నాలుగు..." అంటూ అలవాటుగా కీర్తిప్రియ వైపు చూశాడు.

"అటు కాదు, నన్ను చూసి చెప్పు."

నన్ను చూసి సంవత్సరం చెప్పాడు. ఒక్కో అంకే దిద్ది రాశాను. నా గడిలో జూన్ ఒకటే వేశాను, బ్యాంకుకి అదే కావాలి కాబట్టి. రాఘవ నా రాత వైపు వంగాడు.

"మరి మీ అసలు తేదీ ఎప్పుడండీ?"

కీర్తిప్రియ కూడా ఆసక్తిగా తలెత్తింది. నేను పెన్నుకి మూత పెట్టాను.

"ఇంటికెళ్ళాక చెబుతాను," అన్నాను.