నీటిబొట్టు క్రింద నరము

వైశాఖమాసపు మధ్యాహ్నమార్తాండుడు విశాఖతీరమందలి యిసుకను పెనమువలె కాల్చుచు సముద్రజలములను కరగిన వెండియట్లు మెఱయించుచుండగా ఆ తీరమున కెదురుగా నున్న పరిశోధనాలయమున ఒక గదిలో మాత్రము వెలుతురు చొరరాని కటికచీకటి యలముకొని యుండెను. అందు సువర్చల యను పరిశోధకురాలు సూక్ష్మదర్శిని చెంత కూర్చుండెను.

వెన్నుపాము తెగి చచ్చుపడిన మూషికములలో ఆమె చేసిన మందు పుచ్చుకొని మరల నడచినది యొక్కటియే. దాని వెన్నుపాము వారములతరబడి గ్లిసరినులో నాని గాజువలె పారదర్శకమై యిప్పుడు కటకము క్రింద నున్నది. తెగిన నరము లోలోపల నిజముగా నతికినదని యీ పూట తేలనిచో మఱునాటి పండితసభ యా మందును త్రోసిపుచ్చుట నిశ్చయము. లేసరు కాంతికణములు రెండేసి యొక్కచోట నొక్కమాఱు కూడినగాని నరము వెలుగదు; వెలిగినకొలది దాని కద్దిన రంగు వెలిసిపోవును. పోయిన రంగు మరల రాదు.

ఆమె గురువు ఆచార్య పేరిశాస్త్రి ప్రక్కనే నిలిచి యుండెను. పూర్వ మొక శిష్యుడు తగని నూనె పూసి కటకమును పాడుచేసిన నాటినుండి శుద్ధజలము దక్క వేఱొకటి దానిని తాకరాదని ఆయన శాసనము. కటకమునకును చూడవలసిన వస్తువునకును నడుమ ఆ నీటిబొట్టును తీర్థమువలె స్వహస్తముతో విడుచుట ఆయన యాచారము. నడుమ వేయు ద్రవమునుబట్టి కటకమును సరిదిద్దుటకై నీటికిని గ్లిసరినుకును వేఱువేఱు గుర్తులు గల కటకవలయము ఏండ్లతరబడి నీటి గుర్తుకడనే బిగిసిపోయి యుండెను.

సూక్ష్మదర్శిని చూపు తెరపై, పైపొరలలో స్ఫుటముగా మెఱసిన నరములు లోతునకు దిగినకొలది మసకబాఱి తుదకు పొగలో మాయమయ్యెను.

“అమ్మాయీ, లేసరు పెంచుము” అనెను ఆచార్యుడు.

పెంచెను. పొగ తెల్లనయ్యెనే కాని నరము కానరాలేదు. నడుమ నొక నల్లమచ్చ పడెను.

“ఇంకను పెంచుము.”

సువర్చల చేయి యాగిపోయెను. “వలదు గురువుగారూ, కాలిపోవును! లోపము వెలుగుది కాదు, మన నీటిబొట్టుది. నీటిలోనుండి గ్లిసరినులోనికి దిగునపుడు కిరణములు వంగుచున్నవి. లోతు పెరిగినకొలది ఒక్కచోట కూడలేక చెదరుచున్నవి. నీరు తుడిచి గ్లిసరిను వేయనిండు.”

“కటకము పాడైనచో మఱియొకటి నా కెవ్వరిత్తురు?”

“ఈ నరము పాడైనచో మఱియొకటి నా కెవ్వరిత్తురు?”

ఆచార్యుడు ఒక్కడుగు ప్రక్కకు తొలగెను. ఆమె నీరు తుడిచి గ్లిసరిను బొట్టు విడిచి వలయమును త్రిప్పబోగా అది కదలలేదు. బలము చేసినచో విరుగునేమో యని ఆమె పట్టు సడలించెను. అంతలో ముదుసలి చేయి యొకటి చీకటిలోనుండి వచ్చి కటకమును కదలకుండ పట్టుకొనెను. వలయము కిఱ్ఱుమని తిరిగెను.

లేసరు తగ్గించి మరల లోనికి దిగిరి. ఈ మాఱు పొగ లేదు. తెగిన నరపు కొన లిరువైపుల స్పష్టముగా గోచరించెను. నడుమ నున్నది తాము కాల్చిన మచ్చయే.

“అయ్యో, అతికినచోటనే కాల్చితిమా!” అని సువర్చల వాపోయెను. అయినను కటకమును వెండ్రుకవాసి క్రిందికి దించెను. మచ్చకు సరిగా దిగువన సాలెపోగుకంటె సన్నని వెలుగుపోగు ఒక కొననుండి రెండవ కొనవఱకు తెగక సాగుచుండెను. ఆమె వెక్కివెక్కి యేడ్చెను.

ఆచార్యుడు చేతనున్న నీటిసీసాను దూరముగా నుంచెను. “తల్లీ, ఆ మచ్చ నాది. రేపు సభలో నరముతోపాటు దానినిగూడ చూపుము” అనెను.

తెరపై నల్లమచ్చయు దాని క్రింది వెలుగుపోగును అట్లే నిలిచి యుండెను.