దర్శిలో జోరాన్ దహనం

జోరాన్ అనే కంపెనీ ఎక్కడో విదేశంలో ఉంది. టీవీకి తగిలించి ఆడే ఆటల పెట్టెలు చేస్తుంది. ఇన్నేళ్ళూ తన ఆటలు తన పెట్టెలోనే ఆడాలని భీష్మించుకున్న ఆ కంపెనీ ఈ వేసవిలో మాట మార్చింది. ఇకమీదట తమ ఆటలన్నీ పోటీ కంపెనీల పెట్టెల్లోనూ, మామూలు ఫోన్లలోనూ కూడా వస్తాయని ప్రకటించింది. దాంతో దర్శిలో రెండు పార్టీలు పుట్టాయి. ఊళ్ళో పెళ్ళికి కుక్కల హడావుడి అంటే ఇదే.

అప్పటిదాకా వాట్సాప్‌లో 'దర్శి జోరాన్ అభిమానులు' అని ఒకటే గ్రూపు, ముప్పై ఎనిమిది మంది. సెల్‌ఫోన్ షాపు శ్యామ్ సుందర్ అందులో "మంచిదేగా, ఇంకో నలుగురు ఆడతారు" అని ఒక్క ముక్క రాశాడు. ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పే కరుణాకర్‌కు ఒళ్ళు మండిపోయింది. పన్నెండేళ్ళుగా జోరాన్ తప్ప ఇంకోటి ముట్టని మనిషి. "ఇది ద్రోహం" అన్నాడు. సాయంత్రానికి 'అసలైన దర్శి జోరాన్ అభిమానులు' వెలిసింది. ఇటు పంతొమ్మిది, అటు పద్దెనిమిది. మిగిలిన ఒక్కడు అల్లాబక్షు రెండింట్లోనూ ఉండి, ఇక్కడి తిట్లు అక్కడికి, అక్కడి తిట్లు ఇక్కడికి మోసే పని పెట్టుకున్నాడు.

కరుణాకర్ భార్య సంతోషకుమారి కనిగిరిలో నర్సు. వారమంతా అక్కడే గది, ఆదివారం మాత్రం ఇంటికొస్తుంది. పెళ్ళయిన మూడేళ్ళుగా ఆదివారం మధ్యాహ్నాలు ఇద్దరూ పక్కపక్కన కూచుని జోరాన్‌లో ఒక ఊరు కట్టుకుంటున్నారు. వాగు మీద వంతెన, గొర్రెల దొడ్డి, మేడమీంచి సముద్రం కనపడే ఇల్లు. నిజం చెప్పాలంటే ఆ ఇద్దరి కాపురం సగం ఆ ఊళ్ళోనే జరిగింది.

బుధవారం ఆమె ఫోన్ చేసింది.

"ఏవండీ, మన ఆట ఫోన్లోకి కూడా వచ్చేసిందంట! ఆదివారం వచ్చి మన ఊరు నా ఫోన్లోకి మార్చుకుంటా. ఇక మీరక్కడ, నేనిక్కడ, రోజూ కలిసి ఆడుకోవచ్చు. ఆ పెట్టెలోంచే మార్చాలంట, జాగ్రత్త."

"అది సరేలే సంతోషీ, కంపెనీకి లెటర్ రాశా, విను" అని కరుణాకర్ రెండు పేజీలు చదివి వినిపించాడు. ఆమె సంతోషం అతని చెవిన పడిందిగానీ బుర్రకెక్కలేదు.

ఆ లెటర్‌కు కంపెనీ నుంచి క్షణంలో జవాబొచ్చింది: 'మీ అభిప్రాయానికి ధన్యవాదాలు.' మనిషి రాసింది కాదని చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది.

"లెటర్లకి ఎవడు లొంగుతాడు సార్?" అన్నాడు గ్రూపులోని మిర్చి రైతు యలమంద. "రేటు పడిపోయినప్పుడు మేం ఏం చేశాం? యార్డు ముందు కాయ పోసి తగలబెట్టాం. టీవీలోళ్ళు పరిగెత్తుకొచ్చారు. మనం కూడా పెట్టెలు తగలబెడదాం."

ఆ మంటలు టీవీలో చూసి కరుణాకర్ అప్పట్లో కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. చెమటోడ్చి పండించిన పంటనే రైతు కాల్చుకున్నాడే, పెట్టె ఏపాటిది అనుకున్నాడు.

శనివారం సాయంత్రం పొదిలి రోడ్డు పక్కన ఖాళీ ప్లాటులో చేరారు. పంతొమ్మిది మందిలో వచ్చింది ఏడుగురు. తలా ఒక జోరాన్ అట్టపెట్టె తెచ్చారు. నాయకుడు కాబట్టి కరుణాకర్ తన పెట్టె అన్నిటికన్నా అడుగున పెట్టాడు. పెట్రోలు పోసి, నినాదాలిచ్చి, అగ్గిపుల్ల గీశాడు. అల్లాబక్షు వీడియో తీశాడు.

రెండు నిమిషాల్లో అట్టలన్నీ బూడిదయ్యాయి. అడుగున ఒక్కటి మాత్రం కంపు కొడుతూ, కరిగి బుడగలు కక్కుతూ కాలుతూనే ఉంది. యలమంద ముక్కు మూసుకుని వంగి చూశాడు.

"ఇదేంది సార్, లోపల మిషన్ ఉంచేశారా?"

"మీరు ఉంచలేదా?"

"అయ్యో సార్! యార్డు ముందు మేం కాల్చింది తాలు కాయ. రంగుపోయి ఎవడూ కొనని కాయ. మంచి కాయ కోల్డ్ స్టోరేజీలో భద్రంగా ఉంటది. పంట కాల్చుకునేంత పిచ్చోళ్ళమా మేం?"

మిగతావాళ్ళు నవ్వు ఆపుకోలేక అటు తిరిగారు. మిరపచేల మధ్య పుట్టి పెరిగి, ముప్పై మూడేళ్ళొచ్చి, పిల్లలకు పాఠాలు చెప్పే మనిషికి ఆ సంగతి తెలియదు. అప్పుడు గుర్తొచ్చింది కరుణాకర్‌కు, ఆ పెట్టెలో ఊరుందని. బక్కెట్టెడు నీళ్ళు తెచ్చి కుమ్మరించాడు. నల్లటి ముద్ద తేలింది.

పెట్టె రిపేరుకిచ్చానని చెబుదామని రాత్రంతా కూడబలుక్కున్నాడు. ఆ అవసరం లేకుండా, అల్లాబక్షు చేరవేసిన వీడియోను శ్యామ్ సుందర్ ఊరంతా పంచిపెట్టాడు. సంతోషకుమారి బస్సులోనే చూసింది. ఇంట్లోకి వచ్చి, సంచీ కింద పెట్టి, టీవీ కింద ఖాళీ బల్లను చూస్తూ నిలబడింది.

"కంపెనీకి బుద్ధి రావాలని..." అంటూ మొదలెట్టాడు.

"కంపెనీకి మీరెవరో తెలీదండీ" అంది నెమ్మదిగా. "నేను తెలుసుగా మీకు? అగ్గిపుల్ల గీసేటప్పుడు నేను చెప్పింది ఒక్కసారన్నా గుర్తొచ్చిందా?"

రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

అన్నాలు తిన్నాక ఆమె మంచం మీద కూచుని ఫోన్లో ఆట దించుకుంది. ఖాళీ నేల, ఒక చెట్టు, ఒక పార కనిపించాయి. కరుణాకర్ కుర్చీ లాక్కుని పక్కన చేరాడు.

"నేనూ దించుకుంటా సంతోషీ. మొదట్నుంచీ కడదాం."

ఆడేది ఒక్కరా, ఇద్దరా అని ఫోన్ అడిగింది. సంతోషకుమారి అతని వంక చూడకుండానే 'ఒక్కరు' అన్నదాని మీద వేలు నొక్కింది.