బరువు మరిగిన కణాలు

పొద్దున్నే ల్యాబ్ తలుపు తీసి, చేతులు మోచేతుల దాకా నూటొక్కసార్లు కడుక్కుని, కణాలకు మేత వేయడం చెల్లెలి పని. మేతంటే గులాబీరంగు నీళ్లు. రోగి తుంటి ఎముక మూలుగలోంచి తీసిన కణాలను సీసాలో కోట్లకు కోట్లు పెంచితే, డాక్టరమ్మ వాటిని వెన్నులో అరిగిన డిస్కులోకి సూదితో ఎక్కిస్తుంది. ఎవరి కణాలకు వాళ్ల బుద్ధే. దర్జీవి కుట్టు వేసినట్టు వరసగా కూర్చుంటాయి. పంతులమ్మవైతే మూత మీద కొడితే చాలు, గప్‌చిప్. అందులో వింతేముంది?

ఈసారి సీసా ఆమె సొంత అన్నయ్యది. ముప్పై ఏళ్లు గోదాములో మూటలు మోసిన వీపు. లోకంలోని కొండలన్నీ అటునుంచి ఇటు మార్చే ఉంటాడు. నడుములో రెండు డిస్కులు పాత చెప్పుల్లా అరిగి మంచం పట్టాడు. లేచి నడిస్తే కాటా దగ్గర కుర్చీ ఇస్తానన్నాడు యజమాని.

“కూర్చుని చేసే పనే! ఆ సుఖమేదో చూసి చావాలి.”

“చావు మాటెందుకు? ముందు నీ కణాలకు చెప్పు, తినమని. నీలాగే మొండిఘటాలు.”

నిజమే. పది రోజులైనా అవి సీసా అడుగుకు అంటుకోలేదు. పని దొరకని కూలీల్లా పైపైన తేలుతూ చచ్చిపోతున్నాయి. ఇంకో రెండు రోజులు ఇలాగే పోతే సూదీ లేదు, కుర్చీ లేదు. మోసేవాడి కణాలు మోయడానికేమీ లేక దిగులుపడ్డాయేమోనని, చెల్లెలు ఎవరికీ చెప్పకుండా సీసా మీద ఒక తూకంరాయి పెట్టింది. మర్నాటికి అడుగంతా కణాలే, చీమలపుట్టే! రోజుకో రాయి పెంచింది.

సూది వేసి ఆరు వారాలు పడుకోబెట్టారు.

“లే నాయనా, నెమ్మదిగా,” అంది డాక్టరమ్మ.

లేచినవాడు లేచినట్టే తడిగుడ్డలా కుప్పకూలాడు. మళ్లీ లేపారు, మళ్లీ కూలాడు. నొప్పి లేదట. స్కానింగులో డిస్కులు పదహారేళ్ల పిల్లాడివిలా నిగనిగలాడుతున్నాయి.

చెల్లెలు ఏడ్చేసింది. “తప్పు నాదే అన్నయ్యా. బరువు పెట్టి పెంచాను. అది లేకుండా నిలబడటం వాటికి తెలీదు.”

అన్న పక్కకు తిరిగి వీపు చూపించాడు.

“బతికించాలనే కదే పెట్టావు. ఏడవకు. ఎక్కు.”

ఇద్దరు అతన్ని పట్టుకుని నిలబెడితే, ఆమె వీపు మీదికెక్కింది. వెన్ను టకటకా సర్దుకుని గునపంలా నిటారైంది. డాక్టరమ్మ కాగితం మీద ‘నయమైంది’ అని రాసింది.

మెట్లు దిగి వీధిలోకి నడిచాడు. ఆయాసమైనా లేదు.

“ఎక్కడికి అన్నయ్యా?”

“నిన్ను ఇలా ఎన్నాళ్లు మోస్తాను? నీకూ పనుంది కదా.”

గోదాము ముందు లారీ ఆగి ఉంది. పాత స్నేహితులు వంద కిలోల మూట దించి అతని మెడ మీద పెట్టారు. అప్పుడు గానీ చెల్లెలు కిందికి దిగలేకపోయింది.